మూడు కిలోమీటర్ల బండి

ఓబులేసు బండి సరిగ్గా మూడు కిలోమీటర్లు పోయేది. ఆ తర్వాత ఆగిపోయేది.

ఆగే ముందు రెండుసార్లు దగ్గేది. ఒకసారి ముందుకు తూలేది. అంతే, ఇంక ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఓబులేసు దిగి, బండిని రోడ్డు పక్కకు తోసి, టాంకీ మూత తీసి చూసేవాడు. పెట్రోలు ఉండేది. మూత బిగించి, ప్లగ్గు పీకి తుడిచి, కల్వర్టు గట్టు మీద పది నిమిషాలు కూర్చునేవాడు. లేచి ఒక్క తన్ను తంతే బండి ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. మళ్లీ మూడు కిలోమీటర్లు.

"వేడికి ఆగుతాదన్నా" అనేవాళ్లు దారిన పోయేవాళ్లు. "కాయిలు పోయింటాది చూడు" అనేవాళ్లు ఇంకొందరు. ఓబులేసు ఎవరికీ బదులు చెప్పేవాడు కాదు. ఇంటికొచ్చాక మాత్రం కాయిలు మార్చేవాడు.

అది అతను ఎనిమిది నెలలు కూర్చుని ప్రాణం పోసిన బండి. అందుకే అంత బాధ.

ఓబులేసు పామిడిలో కరెంటు లైన్‌మన్. నలభై మూడేళ్లుంటాయి. పనిలో అతనికి వంక పెట్టడానికి లేదు. గాలివానకు తీగ తెగిందంటే ఆఫీసు నుంచి ఫోను వచ్చేలోపల స్తంభం కింద ఉండేవాడు. రైతుల మోటార్లు కాలిపోతే సెలవు రోజున కూడా పోయి చూసేవాడు. పనయ్యాక వాళ్లు చెంబుతో మజ్జిగ తెస్తే తాగేవాడు కాదు. సెనక్కాయల మూట సైకిలుకు తగిలిస్తే, ఊరి పొలిమేర దాటకముందే ఎవరో ఒకరి చేతికిచ్చి వెనక్కి పంపేవాడు.

"మాది పెట్టే చెయ్యే గానీ పట్టే చెయ్యి కాదు" అనేవాడు. వాళ్ల నాయన కూడా అదే అనేవాడట.

ఈ మాటతో అతనికి ఊళ్లో పేరొచ్చింది. అతని భార్య గంగరత్నకు మాత్రం ఇరుగూ పొరుగూ దూరమయ్యారు. ఆమె పక్కింటికి గిన్నెలో పప్పు పంపితే, వాళ్లు ఆ గిన్నెను వట్టిగా తిప్పి పంపలేక నాలుగు ఓళిగలు పెట్టి పంపేవాళ్లు. అవి చూసి ఓబులేసు గోడవతలికి వినబడేట్టు, "మనకేం తక్కువైందని ఇవి?" అనేవాడు. రెండుసార్లు విన్న పక్కింటామె మూడోసారి పప్పే వద్దంది.

"ఇచ్చిపుచ్చుకుంటేనే గదా మనుషులు" అంది గంగరత్న ఒకనాడు.

"మనం ఇస్తానే ఉండాం గదా" అన్నాడు ఓబులేసు.

ఆమె గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

ఇక బండి సంగతి. ఊరి బయట ఇటుక బట్టీ దగ్గర రేకుల కొట్టంలో ఏళ్ల తరబడి పడి ఉంటే చూసి కొన్నాడు. దాని సీటు మీద కోళ్లు పొదిగేవి. కంపెనీ పేరు తుప్పులో కలిసిపోయి చదవడానికి కూడా లేదు. చక్రాలు తిరగకపోతే ఎడ్లబండి మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు. వసారాలో గోనెసంచులు పరిచి, దాన్ని ముక్కముక్కగా విప్పాడు. విప్పిన ప్రతి నట్టునూ కిరసనాయిల్లో కడిగి, పాత పళ్లెంలో వరసగా పెట్టాడు. టాంకీలో చింతపండు నీళ్లూ గులకరాళ్లూ పోసి, ఒళ్లో పెట్టుకుని పసిపిల్లను ఊపినట్టు మూడు రోజులు ఊపాడు. ఎర్రటి తుప్పు నీళ్లు పోయి, లోపల రేకు తెల్లగా తేలింది. పిస్టను అనంతపురం నుంచి తెచ్చాడు. సీటుకు కొత్త తోలు వేయించకుండా తనే దబ్బనం పట్టి కుట్టాడు. టాంకీకి నల్ల రంగు వేసి, పక్కన బంగారు గీత తనే గీశాడు. గీత ఒక చోట కొంచెం వణికింది గానీ దూరం నుంచి కనబడదు. చివరికి అన్నిటి మీదా లక్క మెరుగు పట్టించాడు. మూత దగ్గర్నుంచి మడ్‌గార్డు దాకా ముఖం చూసుకోవచ్చు.

ఈ ఎనిమిది నెలల్లో ఆ బండి మీద ఇంకొక చెయ్యి పడలేదు. పడనివ్వలేదు.

గంగరత్న ఒకరోజు చీర కుచ్చిళ్లు దోపుకుని, "ఆ చువ్వలు నేను రుద్దుతాలే, ఇట్లియ్యి" అంది. "నీకు తెలీదులే" అన్నాడు. బస్టాండు దగ్గర షెడ్డు పెట్టుకున్న మెకానిక్ ఖాజా ఒకసారి పనిగట్టుకుని ఇంటికొచ్చాడు. అతని చేతిలో పాతదే అయినా నిఖార్సయిన కార్బురేటరు ఉంది. "ఇది నా దగ్గర ఊరికే పడుంది ఓబులేసన్నా. నీ బండికి సరిగ్గా సరిపోతాది" అన్నాడు. ఓబులేసు దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "నేను చూసుకుంటాలే ఖాజా" అన్నాడు. ఖాజా కాసేపు వసారా మెట్టు మీద నిలబడి, బండిని ఆశగా చూసి, వెళ్లిపోయాడు.

ఓబులేసుకు ఒక గురువున్నాడు. ఆయన పేరు పక్కీరప్ప. డెబ్బై దాటాయి. బజార్లో నూనె అంగడి ఆయనది. అంగడి వెనక చిన్న పంచ ఉంది. గురువారం సాయంత్రాలు పది పన్నెండు మంది అక్కడ చేరి తంబుర మీటుకుంటూ తత్వాలు పాడుకునేవాళ్లు. పక్కీరప్ప ఉపదేశాలు చెప్పేవాడు కాదు. నూనె కొలిచినట్టే మాట కూడా కొలిచేవాడని అనుకునేవాళ్లు జనం.

ఆయనకూ ఒక గురువుండేవాడు. ఆ గురువు సమాధి బూదిగుట్టలో ఉంది. ముప్పై కిలోమీటర్లు. ఏటా మాఘ పున్నమికి అక్కడ ఆరాధన. బస్సు గుట్ట దారి చీలే క్రాసు దగ్గరే దించేస్తుంది. అక్కణ్ణుంచి గుట్ట దాకా నాలుగు కిలోమీటర్లు నడవాలి. పోయినేడు పక్కీరప్ప మోకాళ్లు మొరాయించి, దారిలో నాలుగుసార్లు కూర్చున్నాడు.

అందుకని ఈ ఏడు పండగ ముందర శిష్యుల్లో కదిరప్ప అనే ఆటో డ్రైవరు, "సామీ, నా ఆటోలో పోదాం. ఇంటి కాడ ఎక్కి గుట్ట కాడ దిగొచ్చు" అన్నాడు.

"ఆటో ఏమిటికి?" అన్నాడు ఓబులేసు వెంటనే. "సామిని నేను తీసుకుపోతా. ఈ చేతుల్తో చేసిన బండి మీద."

"నీ బండి మూడు కిలోమీటర్లకు నిలబడిపోతాదని..." కదిరప్ప నసిగాడు.

"పున్నమి లోపల సరవుతాది. నువ్వు ఆటోలో మిగతా వాళ్లను తెచ్చుకో."

కదిరప్ప ముఖం చిన్నబోయింది. అందరూ పక్కీరప్ప వైపు చూశారు.

"చూద్దాం లేప్పా" అన్నాడాయన, తంబుర తీగ సవరించుకుంటూ.

పున్నమి ఇరవై రోజులుందనగా ప్లగ్గు మారింది. పదిహేను రోజులుందనగా పెట్రోలు గొట్టం మారింది. కార్బురేటరు నాలుగుసార్లు విప్పి, సూదంత సందు కూడా వదలకుండా ఊది బిగించాడు. పది రోజులుందనగా కొత్త కార్బురేటరే తెచ్చి పెట్టాడు. ప్రతిసారీ ఆశతో బయలుదేరేవాడు. ప్రతిసారీ కల్వర్టు దగ్గర బండి రెండుసార్లు దగ్గేది.

కల్వర్టు అవతల మేకలు మేపుకునే ముసలాయనకు ఓబులేసు రావడం అలవాటైపోయింది. "వచ్చినావా నాయనా" అని గట్టు మీద చోటు చూపించేవాడు. ఓబులేసుకు అది కూడా ఎగతాళిగానే వినిపించేది.

ఇంట్లో అతని మాట కటువెక్కింది. పళ్లెంలో ఒక వాషరు కనబడలేదని గంగరత్న మీద అరిచాడు. అది అతని చొక్కా జేబులోనే దొరికింది. ఆఫీసులో ఒక రైతు, "మూడు రోజులైంది సారూ, కొంచెం మా ట్రాన్స్‌ఫార్మరు చూడు" అని బతిమాలితే, "నేనొక్కణ్ణే ఉండానా ఈ మండలానికి?" అనేశాడు. అన్నాక తనకే సిగ్గేసింది. ఆ సాయంత్రం పోయి ఆ పని చేసి వచ్చాడు. చేస్తున్నంత సేపూ లోపల మాత్రం పొడిపొడిగా ఉంది. చేసి వస్తుంటే ఆ రైతు ఇచ్చిన చెరుకు గడ రోడ్డు మీదే వదిలేసి వచ్చాడు.

పున్నమి అయిదు రోజులుందనగా, మధ్యాహ్నం పూట, ఓబులేసు నూనె అంగడికి పోయాడు. అంగడిలో పక్కీరప్ప ఒక్కడే ఉన్నాడు. గోనెపట్టా మీద కూర్చుని, గరాటును గుడ్డతో తుడుస్తున్నాడు.

"సామీ, నా వల్ల కావడం లేదు" అన్నాడు ఓబులేసు.

"బండా?"

"బండి కూడా." ఓబులేసు మెట్టు మీద కూలబడ్డాడు. "మనిషి చెయ్యగలిగిందంతా చేసినా సామీ. మార్చల్సిందంతా మార్చినా. అది ఎందుకు ఆగుతాదో నాకు అర్థం కాలేదు. అది పోనీ. ఈ మధ్య నాకూ అట్లనే అవుతాంది. ఎవరికన్నా ఏమన్నా చేద్దామని పోతా. మొదట బాగానే ఉంటాది. కొంచేపటికి లోపల ఎండిపోతాది. విసుగొస్తాది. మా ఇంటిదాన్ని తిడతా. నేను ఒకరి సొమ్ము తినలేదు, ఒకరి ముందర చెయ్యి చాపలేదు. ఉన్నదంతా పెడతానే ఉండా. మరి ఇట్ల ఎందుకైతాది సామీ?"

పక్కీరప్ప గరాటు పక్కన పెట్టాడు. ఏదో చెప్పబోతున్నాడని ఓబులేసు ముందుకు వంగాడు.

అంతలో సాలమ్మ వచ్చింది. బస్టాండు ముందర ఉగ్గానీ బజ్జీలూ అమ్ముకునే మనిషి. చేతిలో అయిదు లీటర్ల డబ్బా.

"బిరీన నూనె పొయ్యి తాతా. బాండ్లి పొయ్యి మీద పెట్టొచ్చినా" అంది.

పక్కీరప్ప లేచి, మూలనున్న కొత్త నూనె టిన్ను ముందుకు లాగాడు. సీలు కూడా తియ్యనిది. మేకు తీసుకుని, టిన్ను పైన ఒక మూల పెట్టి, తూకపు రాయితో ఒక్క దెబ్బ కొట్టాడు. తూటు పడింది.

"నా మోకాళ్లు వంగవప్పా. ఆయమ్మకు నువ్వు పొయ్యి" అన్నాడు.

ఓబులేసు చటుక్కున లేచాడు. పనంటే అతనికి ప్రాణం లేచొస్తుంది. టిన్ను ఎత్తి బల్ల అంచున ఆనించి, సాలమ్మ డబ్బా మీదికి వంచాడు. నూనె లావుపాటి ధారగా దూకింది. పచ్చి సెనక్కాయల వాసన అంగడంతా పరుచుకుంది. రెండు నిమిషాలు కూడా కాలేదు, ధార సన్నబడింది. గుడగుడమంది. ఒకసారి ఉమ్మినట్టు చిమ్మి, సాలమ్మ చేతి మీద పడింది. ఆగిపోయింది.

ఓబులేసు టిన్నును ఇంకా వంచాడు. నాలుగు చుక్కలు రాలాయి. గట్టిగా కుదిపాడు. గుడగుడా అంటుంది గానీ రాదు.

"నూనెంతా నా మీదే పోస్తావేమప్పా" అంది సాలమ్మ.

ఓబులేసుకు చిరాకు వచ్చింది. టిన్నును పొట్టకు ఆనించుకుని, గురువు వైపు తిరిగాడు.

"ఒక్క తూటే కొడితివి గదా సామీ. ఆ పక్క ఇంకోటి కొట్టల్ల. లోపలికి గాలి పోకుంటే బయటికి నూనె ఎట్ల వస్తాది?"

ఆ మాట అన్నది తనే. అయినా ఎవరో తనకు చెప్పినట్టు వినబడింది.

పక్కీరప్ప ముఖంలో ఏ మార్పూ లేదు. "అట్లనా అప్పా?" అన్నాడు. మేకు అందించాడు. "అయితే నువ్వే కొట్టు."

ఓబులేసు మేకు తీసుకున్నాడు. టిన్ను కింద పెట్టి, అవతలి మూల మీద మేకు నిలబెట్టి, రాయెత్తాడు. ఎత్తిన చెయ్యి కాసేపు అట్లానే ఉంది.

"కొట్టు నాయనా, బాండ్లి మాడిపోతాది" అంది సాలమ్మ.

కొట్టాడు. సన్నగా ఈల వేసినట్టు గాలి లోపలికి పోయింది. టిన్ను వంచితే నూనె చప్పుడు లేకుండా, తెగకుండా, దారం జారినట్టు జారింది. డబ్బా నిండింది. సాలమ్మ మూత పెట్టుకుని, చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఓబులేసు టిన్ను దగ్గరే నిలబడ్డాడు. పక్కీరప్ప మళ్లీ గరాటు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"సామీ, పోయొస్తా."

"చేతులు కడుక్కోని పో. హాండిలు జారుతాది" అన్నాడు పక్కీరప్ప.

ఇంటికి పోయి బండి తీశాడు. గంగరత్న ఎక్కడికని అడిగేలోపల వీధి మలుపు తిరిగాడు. పెట్రోలు బంకు దాటాడు. కల్వర్టు కనబడింది. బండి ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గి, తూలి, ఆగింది. ఈసారి అతను ప్లగ్గు జోలికి పోలేదు. టాంకీ మీదికి వంగి, చెవి దగ్గరగా పెట్టి, మెల్లిగా మూత తిప్పాడు.

హుస్సుమంది.

ఇన్నాళ్లూ ఆగిన ప్రతిసారీ తీసిన మూతే అది. తీసిన ప్రతిసారీ ఆ చప్పుడు వచ్చే ఉండాలి. బండిని తిట్టుకునే హడావుడిలో ఒక్కసారి కూడా వినలేదు. మూత పైవైపు పరీక్షగా చూశాడు. మధ్యలో సూదిమొనంత గుంట. గాలి పోయే తూటు అది. దాని నోటి నిండా లక్క గట్టిగా పేరుకుని, అద్దంలా మెరుస్తోంది.

మేకల ముసలాయన దూరం నుంచి, "వచ్చినావా నాయనా" అన్నాడు.

"వచ్చినా తాతా" అన్నాడు ఓబులేసు. "పోతాండా."

మూత బిగించకుండా వదులుగా పెట్టి, ఒక్క తన్ను తన్నాడు. పది నిమిషాలు ఆగలేదు. బండి కదిలింది. వచ్చిన దారినే తిరిగి, బంకు దాటి, బజారు దాటి, ఇల్లు దాటి, ఊరికి అటువైపు రైలు గేటు దాకా పోయింది. అక్కణ్ణుంచి మళ్లీ ఇంటికొచ్చింది. ఎక్కడా దగ్గలేదు.

గంగరత్న వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఓబులేసు మూత చేతిలో పట్టుకుని వచ్చి ఆమె ముందర నిలబడ్డాడు. గోరుతో గీకితే లక్క రావడం లేదు. ఆమె గాజులకు ఒక పిన్నీసు వేలాడుతోంది.

అతను చెయ్యి చాపాడు.

"ఆ పిన్నీసు ఇట్లియ్యి."

గంగరత్న ఆ చేతిని చూసింది. అరచెయ్యి పైకి ఉంది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ మనిషి ఏదైనా కావాలంటే తనే లేచి తీసుకునేవాడు, లేకపోతే లేకుండా గడుపుకునేవాడు. ఆమె పిన్నీసు విప్పింది గానీ, అతని చేతిలో పెట్టలేదు.

"నీ వేళ్లు లావు. నువ్వు మూత పట్టుకో, నేను పొడుస్తా" అంది.

నీకు తెలీదులే అనే మాట అతని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాడు. ఆమె పక్కన నేల మీద కూర్చుని, మూత రెండు చేతుల్తో పట్టుకున్నాడు. ఆమె కళ్లు చిట్లించి, పిన్నీసు మొనతో లక్కను కొంచెం కొంచెంగా లేపింది. చివరి పెచ్చు రాలాక మూతను ఎండకెత్తి చూసింది. మధ్యలో ఆవగింజంత వెలుతురు.

"ఎవురు మూసినారు దీన్ని?"

"నేనే" అన్నాడు ఓబులేసు. "మెరవల్లని."

గంగరత్నకు నవ్వొచ్చింది. అతని ముఖం చూసి ఆపుకోబోయింది గానీ ఆగలేదు. కొంచేపటికి అతనూ నవ్వాడు.

మరుసటి రోజు పొద్దున బండిని బస్టాండు దగ్గరికి తీసుకుపోయాడు. ఖాజా ఏదో స్కూటరు కింద దూరి ఉన్నాడు. ఓబులేసు కొంచేపు అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఖాజా, పున్నమికి సామిని బూదిగుట్టకు తీసుకుపోతాండా. బండి ఒకసారి చూస్తావా?"

ఖాజా స్కూటరు కింద నుంచి బయటికొచ్చాడు. తన చెవులను నమ్మలేనట్టు అతని ముఖం చూసి, చేతులు నిక్కరుకు తుడుచుకున్నాడు. "కొంచెం పక్కకు జరుగన్నా" అన్నాడు.

బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. టాంకీ మీద బంగారు గీతను వేలితో తడిమి, వణికిన చోట ఆగి, "చేత్తోనే గీసినావా?" అని అడిగాడు. ఔనంటే మెచ్చుకోలుగా తలూపాడు. తర్వాత వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చైను మెల్లిగా తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగాడు.

"అన్నా, ఇట్ల రా. ఈ క్లిప్పు చూడు."

చైను రెండు కొసలనూ కలిపే చోట చిన్న క్లిప్పు. దాని నోరు వెనక్కి ఉండాలి. ఓబులేసు ముందుకు పెట్టాడు.

"తిరగేసి పెట్టినావు. మూడు కిలోమీటర్లకు ఏం కాదు. ముప్పై కిలోమీటర్లు గుంతల్లో పోతే ఊడొస్తాది. ఊడితే చైను చక్రంలో పడతాది. పడితే వెనక కూర్చున్న మనిషి..." ఖాజా అక్కడితో ఆపి, పట్కారు తీసుకుని క్లిప్పు పీకి తిప్పి పెట్టాడు.

పక్కీరప్ప వంగని మోకాళ్లు ఓబులేసు కళ్లముందర మెదిలాయి.

"టీ చెప్పనా అన్నా?" అన్నాడు ఖాజా. ఏళ్ల తరబడి అడిగి కాదనిపించుకున్న మాట గనక అలవాటుగానే అని, జవాబు కోసం చూడకుండా స్కూటరు వైపు తిరిగాడు.

"చెప్పు" అన్నాడు ఓబులేసు.

పున్నమి నాడు తెల్లవారగానే బండి నూనె అంగడి ముందర ఆగింది. పక్కీరప్ప ఉతికిన పంచె కట్టుకుని, భుజాన తువ్వాలుతో సిద్ధంగా ఉన్నాడు. గంగరత్న సీటు మీద దుప్పటి మడత వేసి పంపింది. దాని మీద ఆయన ఒక పక్కగా కూర్చుని, ఓబులేసు భుజం పట్టుకున్నాడు. వెనక కదిరప్ప ఆటోలో గంగరత్నా, మరి నలుగురూ, తంబురా.

కల్వర్టు వచ్చింది. కల్వర్టు వెనక్కి పోయింది. జొన్న చేలు పోయాయి, రాళ్ల గుట్టలు పోయాయి, క్రాసు దగ్గర బస్సు కోసం నిలబడ్డవాళ్లు పోయారు. గుట్ట కింద వేపచెట్టు నీడలో ఆపేదాకా బండి ఒక్కసారి కూడా దగ్గలేదు.

పక్కీరప్ప దిగి, నడుం సర్దుకుని, "బాగా పోయిందప్పా" అన్నాడు. అంతే. టాంకీ సంగతి గానీ మూత సంగతి గానీ అడగలేదు. ఓబులేసు కూడా చెప్పలేదు.

పూజ అయింది. తత్వాలు పాడారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చెట్ల కింద విస్తళ్లు పరిచారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, గొర్రెల కాపర్లు, దారిన పోయేవాళ్లు, ఎవరైనా కూర్చోవచ్చు. ఏటా వడ్డించేది ఓబులేసే. చివరి పంక్తి లేచేదాకా గరిటె ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. అందరి భోజనాలూ అయ్యాక, ఆకలి చచ్చిపోయిందని చెప్పి, చెంబెడు నీళ్లు తాగి ఇంటికి పోయేవాడు.

ఈసారి కూడా తువ్వాలు నడుముకు బిగించి, పప్పు బకెట్టు కోసం పోయాడు. బకెట్టు అప్పటికే పక్కీరప్ప చేతిలో ఉంది.

"ఇట్లియ్యి సామీ" అన్నాడు ఓబులేసు.

"కూర్చోప్పా" అన్నాడు పక్కీరప్ప.

"సామీ, నీ మోకాళ్లు..."

"కూర్చో."

ఓబులేసు పంక్తిలోకి చూశాడు. కదిరప్ప పక్కకు జరిగి చోటిచ్చాడు. ఓబులేసు తువ్వాలు విప్పి, మడిచి, వెళ్లి అతని పక్కన కూర్చున్నాడు. ముందర ఆకు ఉంది. తన ముందర ఆకు ఉంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తోచలేదు. ఒళ్లో పెట్టుకున్నాడు.

అన్నం గంగరత్న వడ్డించింది. వెనకే పక్కీరప్ప పప్పుతో వచ్చాడు. ఒక్కొక్క ఆకు దగ్గరా నిలబడి, మోకాలి మీద ఎడమ చెయ్యి ఆనించి, వంగి, వేసి, మళ్లీ నిటారయ్యేవాడు. కుర్రవాళ్లు ఇద్దరు ముగ్గురు బకెట్టు అందుకోబోయారు. ఆయన ఇవ్వలేదు. ఓబులేసు ఆకులో కూడా అందరికీ వేసినట్టే ఒక గరిటె వేసి ముందుకు పోయాడు.

ఓబులేసు కలుపుకుని తిన్నాడు. పప్పులో చింతచిగురు పడింది. ఇన్ని నెలలుగా తను ఏం తింటున్నాడో అతను సరిగా చూసుకోలేదు. అన్నం అయిపోయింది. గంగరత్న మళ్లీ వడ్డించింది. ఆమె వేస్తుంటే వేయించుకున్నాడు.

పక్కీరప్ప రెండో విడత వచ్చాడు. ఓబులేసు ఆకు ముందర ఆగి, మోకాలి మీద చెయ్యి ఆనించి, నిండు గరిటెతో వంగాడు.

ఓబులేసు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు సామీ."

నిజానికి ఆకలి తీరలేదు. అయినా ఆ మాట దానంతటదే వచ్చేసింది.

పక్కీరప్ప ముందుకు పోలేదు. వెయ్యనా అని అడగలేదు. వంగిన మనిషి వంగినట్టే ఉన్నాడు. మోకాలు సన్నగా వణుకుతోంది. పంక్తిలో పక్కవాళ్లు తినడం ఆపి చూస్తున్నారు. గరిటె అంచు నుంచి వేడి పప్పు ఒక చుక్క ఓబులేసు వేళ్ల మీద పడింది. ఇంకొక చుక్క పడింది.

ఓబులేసు తలెత్తి గురువు ముఖం చూశాడు.

చెయ్యి తీసేశాడు.